మంచు కొండ ఎక్కే ముందు దిగే దారి చూడండి: కేదార్‌కంఠా, బ్రహ్మతాల్, కువారీ పాస్, చాదర్‌లలో ఏది ఎవరికి?

తెలుగులో మంచు అన్నది ఒక్కటే మాట. తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేది మంచు, లంబసింగిలో లోయ నిండా కమ్ముకునేది మంచు, ఫ్రీజర్‌లో గడ్డకట్టేది మంచు, హిమాలయాల్లో ఆకాశం నుంచి కురిసేదీ మంచే. మైదానంలో పుట్టి పెరిగిన మనకి ఇంతకంటే మాటలు అవసరం పడలేదు. కానీ శీతాకాలంలో కొండ ఎక్కడానికి వెళ్తే, కాలి కింద ఉన్నది ఏ మంచు అన్నదే అన్నిటికంటే ముఖ్యం.

అప్పుడే కురిసిన పొడి మంచు ఉప్మా రవ్వలా ఉంటుంది. బూటు అందులోకి దిగుతుంది, పట్టు దొరుకుతుంది, పడినా పెద్దగా దెబ్బ తగలదు. అదే మంచుని వందల బూట్లు తొక్కితే అణిగిపోతుంది. మధ్యాహ్నం ఎండకి పైపైన కరుగుతుంది, రాత్రికి మళ్ళీ గడ్డకడుతుంది. నాలుగు రోజులు ఇలా జరిగితే దారంతా తడిసిన నాపరాయిలా నున్నగా తయారవుతుంది. దీన్ని నేను గాజు మంచు అంటాను. ఎండ పడని మలుపుల్లో, చెట్ల నీడలో ఇది సన్నటి పొరలా ఉండి కంటికి కూడా కనిపించదు. అక్కడి డ్రైవర్లు దీన్ని ‘పాలా’ అంటారు. ఆ మాట వినపడితే బండి నెమ్మదించిందని అర్థం.

నా మొదటి శీతాకాలపు ట్రెక్ కేదార్‌కంఠా, డిసెంబర్ చివరి వారంలో. మంచులో జారకుండా బూట్లకి తొడుక్కోమని నాకు ఇచ్చిన స్పైక్స్‌లో, అంటే ఇనుప కోరల తొడుగుల్లో, ఒకదాని గొలుసు తెగి ఉంది. తెల్లవారుజామున చీకట్లో తొడుక్కున్నాను, చూసుకోలేదు. ఎక్కేటప్పుడు ఏమీ కాలేదు. సూర్యోదయం చూసి, ఫోటోలు దిగి, కిందికి బయల్దేరిన పది నిమిషాలకి కుడి కాలు జారింది. కొంత దూరం జారి, ముందు వెళ్తున్న ఒకాయన కాళ్ళకి తగిలి ఆగాను. మణికట్టు బెణికింది. ఆయన అక్కడ లేకపోతే ఎక్కడ ఆగేదాన్నో అని ఆ రాత్రి టెంట్‌లో చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత నుంచి ఎవరు అడిగినా ఒకటే చెప్తున్నాను. ఎత్తు చూసి, ఫోటో చూసి ట్రెక్ ఎంచుకోవద్దు. దిగే దారి ఎలా ఉంటుంది, ఏ రోజు ఎంత దిగాలి, మధ్యలో ఒంట్లో బాగోకపోతే రోడ్డు ఎంత దూరం, ఈ మూడూ చూడండి. మన దగ్గర నుంచి ఎక్కువమంది వెళ్ళే నాలుగు శీతాకాలపు ట్రెక్‌లని ఈ లెక్కలోనే పోల్చి చెప్తాను.

కేదార్‌కంఠా

ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో, గోవింద్ నేషనల్ పార్క్‌లో ఉంది. శిఖరం ఎత్తు సుమారు 12,500 అడుగులు. డెహ్రాడూన్ నుంచి సాంక్రీ గ్రామానికి దాదాపు 200 కిలోమీటర్లు, మసూరీ, పురోలా, మోరీ మీదుగా రోజంతా ప్రయాణం. అక్కడి నుంచి నడక నాలుగు రోజులు. మొదటి రోజు దేవదారు, పైన్ చెట్ల మధ్య జూడా కా తాలాబ్ అనే చిన్న చెరువు దగ్గరికి, రెండో రోజు బేస్ క్యాంప్‌కి, మూడో రోజు శిఖరం.

దీన్ని అందరూ ‘బిగినర్స్ ట్రెక్’ అనే అమ్ముతారు. అది సగమే నిజం. మూడో రోజు లెక్క చూడండి. బేస్ క్యాంప్ నుంచి శిఖరానికి ఎక్కేది సుమారు 1,200 అడుగులు. కానీ అదే రోజు హర్‌గావ్ క్యాంప్ దాకా దిగేది దాదాపు 3,600 అడుగులు. ఎక్కినదానికి మూడింతలు దిగాలి, అదీ రాత్రి రెండు మూడు గంటలకి లేచి, సరిగ్గా తినకుండా ఎక్కిన కాళ్ళతో. శిఖరం కింద ఉండే నిటారు వాలులో డిసెంబర్ చివర్లో జనం క్యూ కడతారు. అంతమంది తొక్కితే పొడి మంచు రెండు రోజుల్లో గాజు మంచు అయిపోతుంది. ఒకే వరసలో మనుషులు ఎక్కుతూ, దిగుతూ ఉంటే పక్కకి జరగడానికి చోటుండదు. ఒకరు జారితే కింద ఉన్నవాళ్ళకీ ప్రమాదమే.

అయినా దీన్ని కొట్టిపారేయను. పెద్ద బలం ఒకటుంది: ఏ క్యాంప్ నుంచైనా సాంక్రీ ఒక్క రోజు నడక లోపే. తలనొప్పి వచ్చినా, మోకాలు పట్టేసినా సాయంత్రానికి ఊళ్ళో ఉంటారు. శిఖరం మీద నుంచి స్వర్గారోహిణి, బందర్‌పూంచ్, కాలా నాగ్ శిఖరాలు చుట్టూ నిలబడి కనిపిస్తాయి. శిఖరం ఎక్కాను అన్న తృప్తి ఈ నాలుగింటిలో పూర్తిగా దొరికేది ఇక్కడే. నా మాట ఏమిటంటే, కేదార్‌కంఠా వెళ్ళండి, కానీ క్రిస్మస్ నుంచి జనవరి 1 మధ్య మాత్రం వద్దు. ఫిబ్రవరిలో వెళ్తే మంచు లోతుగా, మెత్తగా ఉంటుంది, జనం తగ్గుతారు. ఒకే కొండ, ఒకే దారి, కానీ ఆ రెండు నెలల తేడాలో పూర్తిగా వేరే అనుభవం.

బ్రహ్మతాల్

నాకు బాగా నచ్చింది ఇదే, అందుకే కాస్త ఎక్కువ చెప్తాను.

చమోలీ జిల్లాలో లోహాజంగ్ అనే ఊరి నుంచి మొదలవుతుంది. అస్థిపంజరాల సరస్సుగా పేరుబడ్డ రూప్‌కుండ్‌కి కూడా ఒకప్పుడు ఇక్కడి నుంచే వెళ్ళేవారు. ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో బుగ్యాల్‌లలో, అంటే ఎత్తైన పచ్చిక మైదానాల్లో, రాత్రి బస నిషేధించాక ఆ ట్రెక్ ఆగిపోయి చాలామంది బ్రహ్మతాల్ వైపు తిరిగారు. చేరుకోవడం మాత్రం శ్రమే. ఢిల్లీ నుంచి రైల్లో కాఠ్‌గోదామ్ వెళ్ళి, అక్కడి నుంచి సుమారు 210 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. హైదరాబాద్‌లో బయల్దేరి లోహాజంగ్ చేరేసరికి విమానంలో వెళ్ళినా రెండు రోజులు పడుతుంది. వాంతులు అయ్యేవాళ్ళు మాత్రలు దగ్గర పెట్టుకోవాలి.

నడక ఓక్, రోడోడెండ్రాన్ అడవిలో మొదలవుతుంది. గడ్డకట్టిన బేకల్‌తాల్ సరస్సు దగ్గర ఒక రాత్రి. ఆ తర్వాత చెట్లు అయిపోయి రిడ్జ్ మొదలవుతుంది. రిడ్జ్ అంటే కొండ వెన్ను. దాని మీద నడుస్తుంటే 7,120 మీటర్ల త్రిశూల్, దాని పక్కన 6,309 మీటర్ల నందా ఘుంటీ ఎదురుగా, చేయి చాస్తే అందేంత దగ్గరలో ఉన్నట్టు కనిపిస్తాయి. కేదార్‌కంఠాలో ఆ దృశ్యం శిఖరం మీద అరగంట. ఇక్కడ గంటల తరబడి మీతో పాటే నడుస్తుంది.

ఇక దిగే దారి. ఎత్తైన చోటు ఇక్కడా 12,250 అడుగుల దగ్గరే, కానీ వాలు ఒకేసారి మీద పడదు. వెన్ను వెడల్పుగా ఉన్న చోట్ల పక్కకి జరిగి మెత్తటి మంచులో సొంత అడుగులు వేసుకుంటూ దిగొచ్చు. జనం తక్కువ కాబట్టి దారి గాజులా మారడానికి సమయం పడుతుంది. అసలు జాగ్రత్త కింద అడవిలో కావాలి. ఎండ తగలని ఆ మలుపుల్లో, చెట్ల వేళ్ళ మీద మంచు గడ్డకట్టి ఉంటుంది. పైన జాగ్రత్తగా నడిచినవాళ్ళు ‘ఇంక అయిపోయింది’ అనుకుని స్పైక్స్ తీసేసి పడేది ఇక్కడే. మా బృందంలో ఇద్దరు అలాగే పడ్డారు, ఇద్దరూ చివరి రోజే. ఇక వెన్ను మీద గాలి వీస్తే ముఖం మొద్దుబారిపోతుంది. గాలి ఎక్కువగా ఉన్న రోజు గైడ్ పైకి వద్దంటే వాదించొద్దు.

కువారీ పాస్

అమ్మానాన్నలని తీసుకెళ్దాం అనుకునేవాళ్ళు, యాభై దాటినా రోజూ నడిచే అలవాటున్నవాళ్ళు ముందు దీన్ని చూడండి. రిషికేశ్ నుంచి జోషీమఠ్‌కి సుమారు 250 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఔలీ వైపుగా గానీ, ఢాక్ గ్రామం వైపు నుంచి గానీ ఎక్కుతారు. 7,816 మీటర్ల నందాదేవి, చౌఖంబా, హాథీ-ఘోడీ, ద్రోణగిరి వరసగా కనిపిస్తాయి. హనుమంతుడు సంజీవని కోసం పెకిలించింది ఆ ద్రోణగిరినే అని అక్కడి నమ్మకం. తమ కొండని తీసుకెళ్ళాడని ద్రోణగిరి గ్రామస్థులు హనుమంతుణ్ణి పూజించరు. మా గైడ్ ఆ సంగతి చెప్పినప్పుడు, వీధికో ఆంజనేయస్వామి గుడి ఉన్న ఊరి నుంచి వెళ్ళిన మేము చాలాసేపు ఆ కొండనే చూస్తూ ఉండిపోయాం.

ఇందులో ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. పాస్ అంటే కనుమ. భారీగా మంచు పడితే ఆ కనుమ దాకా చేరడం చాలాసార్లు కుదరదు. చివరి భాగంలో వాలుకి అడ్డంగా నడవాలి. కొత్త మంచు ఎక్కువగా ఉంటే అది కదిలి జారే ప్రమాదం ఉంటుంది కాబట్టి గైడ్‌లు వెనక్కి తిప్పుతారు. ‘పాస్ దాటాలి’ అన్న పట్టుదల ఉన్నవాళ్ళు నిరాశపడతారు. కానీ మంచి దృశ్యాలు కనుమకి చాలా ముందే మొదలవుతాయి. అందుకే వెనక్కి తిరగడం బాధ అనిపించని ట్రెక్ ఇది. కొత్తవాళ్ళకి ఆ గుణం చాలా విలువైనది. ఇంకో విషయం, 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్ళు బీటలు వారాయి. ఔలీ రోప్‌వే కూడా అప్పుడే ఆగింది. బస ఎక్కడో, ఔలీకి ఎలా చేరతారో బుకింగ్ ముందే అడగండి.

చాదర్

లడక్‌లో గడ్డకట్టిన జాంస్కర్ నది మీద నడక. చాదర్ అంటే తెలంగాణలో మనం కప్పుకునే చద్దరే. నది మీద మంచు దుప్పటి పరుచుకుంటుంది కాబట్టి ఆ పేరు. ఒకప్పుడు శీతాకాలంలో జాంస్కర్ లోయ జనానికి లేహ్ చేరడానికి ఇదే బాట. పిల్లల్ని చదువుకి పంపడానికి కూడా ఈ నది మీదే నడిపించేవారు. ఇప్పుడు 298 కిలోమీటర్ల నిమ్మూ–పదుమ్–దార్చా రోడ్డు 2024 మార్చిలో కలిసింది. ఆ రోడ్డు పనుల వల్ల నడిచే దూరం ఏటేటా తగ్గుతూ వచ్చింది. చూడాలన్న కోరిక గట్టిగా ఉంటే మరీ ఎక్కువ ఏళ్ళు వాయిదా వేయొద్దు.

కానీ మొదటి మంచు ట్రెక్‌గా మాత్రం వద్దు. కారణం ఎత్తు కాదు, ఎక్కడం కూడా కాదు. చాదర్‌లో పెద్దగా ఎక్కేదే లేదు. అసలు సమస్య చలి. రాత్రి మైనస్ 20, మైనస్ 25 డిగ్రీలు మామూలు. లంబసింగిలో సున్నా దగ్గర వణికినవాళ్ళు అక్కడి నుంచి ఇంకో 25 డిగ్రీలు కిందికి ఊహించుకోవాలి. పైగా విమానం దిగేది నేరుగా 3,500 మీటర్ల లేహ్‌లో. మొదటి రెండు రోజులు గదిలో విశ్రాంతి తీసుకోవాల్సిందే. వైద్య పరీక్ష పాసైతేనే నది మీదకి అనుమతి. అక్కడ బీపీ ఎక్కువ చూపించి ఆగిపోయేవాళ్ళు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు. అంత ఖర్చు పెట్టి ఆగిపోతే బాధే, కానీ ఆ పరీక్ష ప్రాణాలు కాపాడుతుంది.

అక్కడ అంతా గాజు మంచే. కాలు ఎత్తి వేయకుండా, పాదాన్ని మంచుకి రాసుకుంటూ చిన్న చిన్న అడుగులతో నడవాలి. మంచు పలచబడిన చోట ఒడ్డునున్న రాళ్ళ మీదకి ఎక్కి దాటాలి, లేదా మళ్ళీ గడ్డకట్టేదాకా ఆగాలి. లోయ రెండు వైపులా నిటారు గోడలు. వచ్చిన దారే బయటికి దారి. నేను పెట్టుకున్న మూడు ప్రశ్నల్లో మూడోదానికి, రోడ్డు ఎంత దూరం అన్నదానికి, నది ఎలా ఉంటే అలా అన్నదే ఇక్కడ జవాబు. సీజన్ కూడా చిన్నది, జనవరి రెండో వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. సంక్రాంతి సెలవులకి సరిగ్గా కుదురుతుందని మనవాళ్ళు ఉత్సాహపడతారు. ముందు ఒక ఏడాది ఉత్తరాఖండ్‌లో రెండు మంచు రాత్రులు గడిపి, మీ ఒళ్ళు చలికి ఎలా ఉంటుందో తెలుసుకుని వెళ్ళండి.

ఎవరికి ఏదో సూటిగా చెప్పాలంటే: ఇరవై ముప్పై ఏళ్ళవాళ్ళు, వారం సెలవు మాత్రమే ఉంటే, ఫిబ్రవరిలో కేదార్‌కంఠా. తొమ్మిది పది రోజులు దొరికితే కళ్ళు మూసుకుని బ్రహ్మతాల్. పెద్దవాళ్ళతో అయితే కువారీ. మోకాళ్ళ మీద నమ్మకం లేకపోతే ఈ నాలుగూ పక్కనపెట్టి ఉత్తరకాశీ దగ్గర దయారా బుగ్యాల్ చూడండి. వాలు మెత్తగా ఉంటుంది, మంచు మాత్రం కావలసినంత.

కాళ్ళకి ఏం తొడగాలి?

చాలామంది అడిగేది మైక్రోస్పైక్స్ కొనాలా, క్రాంపాన్స్ కొనాలా అని. ఈ నాలుగు ట్రెక్‌లకీ క్రాంపాన్స్ అక్కర్లేదు. క్రాంపాన్స్‌కి పొడవైన ఇనుప కోరలుంటాయి. అడుగుభాగం గట్టిగా ఉండే పర్వతారోహణ బూట్లకే అవి సరిగ్గా పట్టుకుంటాయి. మన మామూలు ట్రెకింగ్ బూట్లకి కడితే ఊడిపోతాయి. నేర్చుకోకుండా వేసుకుంటే ఒక కాలి కోర రెండో కాలి ప్యాంట్‌లో చిక్కుకుని పడిపోతారు. మైక్రోస్పైక్స్ రబ్బరు పట్టీకి గొలుసులు, చిన్న కోరలు ఉండే తొడుగు. ఏ బూటుకైనా సాగదీసి తొడగొచ్చు.

అద్దె విషయంలో నా సలహా ఇది. జాకెట్ అద్దెకి తీసుకోండి, ఏడాదికి ఒకసారి వాడేదానికి వేలు పోయొద్దు. బూట్లు మాత్రం కచ్చితంగా కొనండి, కనీసం నెల రోజులు తొడుక్కుని తిరగండి. స్పైక్స్ అద్దెకి తీసుకుంటే పగటి వెలుతురులో ప్రతి గొలుసూ లాగి చూడండి, రబ్బరు పగుళ్ళు చూడండి. బాగోలేదు అని చెప్పడానికి మొహమాటపడొద్దు. నేను ఆ ఒక్క పని చేసి ఉంటే మణికట్టు బాగుండేది.

బట్టల్లో ఒకే లావాటి స్వెటర్ కంటే మూడు పొరలు మేలు: ఒంటికి అతుక్కునే థర్మల్, మీద ఫ్లీస్, ఆ పైన గాలి ఆపే జాకెట్. నూలు బనియన్లు, జీన్స్ వద్దు. చెమటకి తడిసిన నూలు ఆరదు, ఆ తడే చలి పెంచుతుంది. నల్ల కళ్ళద్దాలు లేకుండా మంచులో నడవొద్దు, ఎండ మంచు మీద పడి తిరిగి కళ్ళలోకి కొడుతుంది. నీళ్ళ సీసా సంచిలో తలకిందులుగా పెట్టండి. నీళ్ళు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత వైపు గడ్డకట్టకుండా ఉంటుంది. రాత్రి ఫోన్, బ్యాటరీలు స్లీపింగ్ బ్యాగ్‌లోనే.

మన ఊళ్ళో ఎలా సిద్ధం కావాలి?

అలిపిరి మెట్లు ఎక్కినవాళ్ళని అడగండి. 3,550 మెట్లు ఎక్కి, దర్శనం చేసుకుని, చాలామంది బస్సులో కిందికి వస్తారు. ట్రెక్ కోసం సాధన చేసేవాళ్ళు దిగడం కూడా నడిచే చేయాలి. తొడ ముందు కండరాలు అలవాటు పడేది దిగేటప్పుడే. హైదరాబాద్‌లో అయితే అపార్ట్‌మెంట్ మెట్లు చాలు. పైకి లిఫ్ట్‌లో వెళ్ళినా సరే, వీపున ఐదారు కిలోల బ్యాగ్‌తో మెట్ల మీద దిగండి. రెండు నెలలు వారానికి నాలుగు రోజులు ఇలా చేసి వెళ్ళిన రెండోసారి నాకు మోకాళ్ళ నొప్పి రాలేదు.

ఇంకాస్త ఆసక్తి ఉంటే భువనగిరి కోట రాయి మీద శిక్షణ తీసుకోవచ్చు. 2014 మే 25న 13 ఏళ్ళ 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదటి పాఠాలు ఆ రాయి మీదే. అయితే ఆ అమ్మాయికి కూడా రాయితో సరిపోలేదు, లడక్ చలిలో శిక్షణ ఇచ్చాకే ఎవరెస్ట్‌కి పంపారు. చలిని చలిలోనే నేర్చుకోవాలి, దానికి మన వాతావరణంలో వేరే దారి లేదు.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

తక్కువ ధర చూసి ట్రెక్ సంస్థని ఎంచుకోవద్దు. ఎంతమందికి ఒక గైడ్? ఆక్సిజన్ సిలిండర్ ప్రతి క్యాంప్‌లో ఉంటుందా? శిఖరం రోజున ఎన్ని గంటలకి, ఎక్కడున్నా సరే, వెనక్కి తిరుగుతారు? ఈ చివరి ప్రశ్నకి తడుముకోకుండా ఒక టైమ్ చెప్పేవాళ్ళని నమ్మండి. ‘అదేం లేదండీ, అందరినీ పైకి తీసుకెళ్తాం’ అనేవాళ్ళతో వెళ్ళొద్దు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో వాతావరణం చెడిపోయి, కర్ణాటక నుంచి వెళ్ళిన బృందంలో 9 మంది చనిపోయారు. అది ఎండాకాలం. జనవరిలో అదే గాలి, అదే మంచు వస్తే ఎంత తక్కువ సమయం ఉంటుందో ఆలోచించండి.

పైన తలనొప్పి, వికారం మొదలైతే దాచొద్దు. తగ్గేదాకా ఇంకా పైకి ఎక్కొద్దు. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు ఉంటే రాత్రయినా సరే వెంటనే కిందికి దిగాలి. ఎత్తు పడకపోవడానికి వాడే డయామాక్స్ లాంటి మాత్రలు డాక్టర్‌ని అడిగాకే వాడండి, ముఖ్యంగా బీపీ, షుగర్ మందులు వేసుకునేవాళ్ళు.

తిరుగు టికెట్ ట్రెక్ ముగిసిన మర్నాటికే తీసుకోవద్దు. ఒక రోజు ఖాళీగా ఉంచండి, చాదర్‌కైతే రెండు రోజులు. మంచు పడి సాంక్రీ రోడ్డు మూసుకుపోయినా, లేహ్ విమానం రద్దయినా ఆ ఒక్క రోజు ఉంటే టెన్షన్ ఉండదు. దారి బాగోలేకపోతే ఇంకో పూట క్యాంప్‌లో ఆగి, ఎండ వచ్చి మంచు కాస్త మెత్తబడ్డాక దిగొచ్చు.